పిల్లోళ్లకు మొదటి గేమ్ కన్సోల్ కొనేముందు: ఇల్లు, బిడ్డ, ఆ తర్వాతే మెషిన్

పోయినేడు మా బావమరిది కువైట్ నుంచి వస్తూ మా పిల్లోడికి రెండు గేమ్ డిస్కులు తెచ్చాడు. అంతకు వారం ముందే మేం కడపలో ప్లేస్టేషన్ 5 అనే కన్సోల్, అంటే టీవీకి తగిలించి ఆటలాడే మెషిన్, కొన్నాం. పిల్లోడు వేలిముద్ర పడకుండా డిస్కును అంచుల దగ్గర పట్టుకుని మెషిన్ ముందు కూర్చున్నాడు. ముందు వైపు చూశాడు, వెనక్కి వంగి చూశాడు, పక్కల తడిమి చూశాడు. "నాయనా, సీడీ యాడ పెట్టాల?" అని అడిగాడు. పెట్టే చోటే లేదు. మేం కొన్నది డిజిటల్ ఎడిషన్, అంటే డిస్కు లేకుండా నెట్ నుంచి దించుకున్న ఆటలే ఆడే రకం. డిస్కు రకం కంటే పది వేలు తక్కువని తెచ్చుకున్నాం. ఎందుకు తక్కువో షాపులో చెప్పలేదు, మేమూ అడగలేదు. వాడు ఆ రెండు డిస్కులనూ మళ్లీ డబ్బాల్లో పెట్టి, బీరువాలో దాచుకున్నాడు. ఆ డబ్బాలు మూస్తున్నప్పుడు వాడి మొహం నాకింకా గుర్తుంది.

అప్పటినుంచి తెలిసినవాళ్లు ఎవరైనా "ఏది కొనాలన్నా?" అని అడిగితే నేను మెషిన్ పేరు చెప్పను. ముందు వాళ్ల ఇంటి గురించి అడుగుతాను. తర్వాత బిడ్డ గురించి, ఆ తర్వాత ఏ ఆటలు ఆడతారని. ఈ మూడింటికీ జవాబు దొరికితే ఏ మెషిన్ కొనాలో దానంతటదే తేలిపోతుంది. మీరూ ఆ వరుసలోనే రండి.

అసలు ఇప్పుడు కావాలా?

ఐదేళ్లలోపు బిడ్డకైతే వద్దు. భారత పిల్లల వైద్యుల సంఘం (ఐఏపీ) 2021లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్లలోపు బిడ్డకు వీడియో కాల్ తప్ప ఏ స్క్రీనూ చూపకూడదు. రెండు నుంచి ఐదేళ్ల లోపు రోజుకు గంట దాటకూడదు. ఐదు నుంచి పదేళ్ల మధ్య రెండు గంటల లోపే ఉండాలి. ఆ రెండు గంటల్లో టీవీ, ఫోన్ కూడా కలిసి ఉన్నాయని మర్చిపోవద్దు.

ఆరేడేళ్లు దాటిన బిడ్డ ఇప్పటికే మీ ఫోన్‌లో ఆడుతుంటే మాత్రం కన్సోల్ మేలని నా గట్టి నమ్మకం. ఫోన్ పట్టుకున్న పిల్లోడు మంచం మూలకు పోతాడు, దుప్పటి కిందికి పోతాడు. ఏం ఆడుతున్నాడో, మధ్యలో ఏ ప్రకటన వస్తోందో మనకు కనపడదు. కన్సోల్ హాల్లో టీవీకి తగిలించి ఉంటుంది. వంటింట్లో ఉన్న అమ్మకు దాని శబ్దం వినపడుతుంది, గడపలో కూర్చున్న జేజికి బొమ్మ కనపడుతుంది. డబ్బులిచ్చి కొన్న ఆటల్లో చాలావాటికి ఒక మొదలూ ఒక ముగింపూ ఉంటాయి. ఫోన్‌లో ఉచితంగా దొరికే ఆటల్లో ఎక్కువభాగం ముగిసేవి కావు, బిడ్డ మళ్లీ మళ్లీ తెరిచేలా తయారుచేసినవి.

ఇంట్లో పెద్దలకు ఇంకో భయం ఉంటుంది. "ఆన్‌లైన్ గేమ్స్ ఆడి ఎంతమంది అప్పులపాలు కాలేదు?" అంటారు. వాళ్లు అనేది రమ్మీ లాంటి పందేల ఆటల గురించి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టమే చేసింది. కారు పందెం, ఫుట్‌బాల్, బొమ్మల ఇళ్లు కట్టే ఆటలు ఆ కోవలోవి కావు. ఈ తేడా మామకో నాయనకో ముందే నిదానంగా చెప్పండి. లేకపోతే మెషిన్ వచ్చిన రోజే ఇంట్లో గొడవ మొదలవుతుంది.

ఇల్లు చూడండి

మొదట టీవీ వెనక చెయ్యి పెట్టి హెచ్‌డీఎంఐ పోర్టు ఉందో లేదో చూడండి. పాత పెద్ద డబ్బా టీవీకి ఉండే ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులతో ఇప్పటి కన్సోళ్లేవీ పనిచేయవు. హెచ్‌డీఎంఐ ఉండి, ఆ ఒక్క పోర్టునూ సెట్‌టాప్ బాక్సు వాడుకుంటుంటే ఒకే పోర్టుకు రెండు మెషిన్లు తగిలించే హెచ్‌డీఎంఐ స్విచ్ ఒకటి కొనుక్కోవాల్సి వస్తుంది. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ అని ఉంటే పెట్టుకోండి. దాంతో బటన్ నొక్కడానికీ బొమ్మ కదలడానికీ మధ్య ఆలస్యం తగ్గుతుంది.

తర్వాత మెషిన్ పెట్టే చోటు. ఇది మన ఊళ్లకు ప్రత్యేకమైన విషయం కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. మన ఇళ్లలో టీవీ కింద కడప బండలతో గూళ్లు కట్టించుకుంటాం. మూడు వైపులా గోడ, పైన బండ, కొన్నిచోట్ల ముందర అద్దం తలుపు కూడా. చూడ్డానికి కన్సోల్ కోసమే కట్టినట్టుంటుంది. దాంట్లో పెట్టవద్దు. ఆడేటప్పుడు ప్లేస్టేషన్ 5 సుమారు 200 వాట్ల కరెంటు తీసుకుంటుంది, ఆ కరెంటంతా చివరికి వేడిగా వెనక నుంచి బయటికి రావాలి. మూసిన గూట్లో ఆ వేడిగాలినే మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది. పైగా ప్లేస్టేషన్ 5 గానీ నింటెండో స్విచ్ అనే ఇంకో కన్సోల్ గానీ 5 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని కంపెనీలే చెప్తున్నాయి. మే నెలలో కడపలో, కర్నూలులో బయట 40 దాటుతుంది. మధ్యాహ్నం మూడింటికి మేడమీది గదిలో ఎంత వేడిగా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

అందుకని టీవీ స్టాండు మీదే, గోడకు జానెడు ఎడంగా, చుట్టూ ఖాళీ ఉండేట్టు పెట్టండి. ఎండాకాలంలో ఆట పొద్దున తొమ్మిది లోపో, సాయంత్రం ఆరు తర్వాతో అని నియమం పెట్టుకోండి. ఏసీ గది ఉంటే సరే. నీళ్ల కూలర్‌కు ఎదురుగా మాత్రం వద్దు, ఆ తేమగాలి నేరుగా మెషిన్ లోపలికి పోతుంది.

కరెంటు సంగతి. ఆట నడుస్తుండగా కరెంటు పోతే అంతకుముందు సేవ్ అయిన దాకే మిగులుతుంది. సేవ్ అవుతున్న క్షణంలోనే పోతే ఆ ఫైలే పాడయ్యే ప్రమాదం ఉంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఆ ప్లగ్గు ఇన్వర్టర్ లైన్‌లో ఉందో లేదో చూసుకోండి. చాలా ఇన్వర్టర్లకు వెనక యూపీఎస్, ఎకో అని చిన్న మీట ఉంటుంది. యూపీఎస్ వైపు పెడితే కరెంటు మారేటప్పుడు మెషిన్ ఆగిపోయే అవకాశం తక్కువ. ఇంకో జాగ్రత్త, ప్లేస్టేషన్‌ను రెస్ట్ మోడ్‌లో (పూర్తిగా ఆగకుండా నిద్రలో ఉన్నట్టు) వదిలి స్విచ్‌బోర్డు దగ్గర ఆపేయకండి. పూర్తిగా ఆఫ్ చేసి, లైటు ఆరిపోయిన తర్వాతే స్విచ్ ఆపమని పిల్లోళ్లకు నేర్పండి.

ఇక నెట్. ఇప్పటి పెద్ద ఆట ఒకటి 50 జీబీ ఉండడం మామూలే, 100 దాటినవీ ఉన్నాయి. ఫోన్‌లో రోజుకు 2 జీబీ ప్లాన్ ఉంది, హాట్‌స్పాట్‌తో నడిపిద్దాం అనుకుంటే 50 జీబీ దిగడానికి 25 రోజులు కావాలి. ఇంటికి 50 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంటే అదే ఆట రెండుంపావు గంటల్లో దిగుతుంది. ఫైబర్ లేని ఇంటికి డిజిటల్ ఎడిషన్ అస్సలు వద్దు. డిస్కు పెట్టే మెషిన్‌గానీ, నింటెండో స్విచ్ లాగా చిన్న గేమ్ కార్డు పెట్టే మెషిన్‌గానీ చూసుకోవాలి. డిస్కు ఆటలకు కూడా అప్‌డేట్లు దిగుతాయి గానీ చాలా ఆటలు డిస్కు మీద ఉన్నదానితోనే మొదలవుతాయి.

బిడ్డను చూడండి

వయసొక్కటే చూస్తే చాలదు. మీ బిడ్డ ఇంగ్లిషు వాక్యం గబగబా చదవగలదా అన్నది ఇంకా ముఖ్యం. కన్సోల్ ఆటల్లో తెలుగు దాదాపు కనపడదు. ఎక్కడికి పోవాలో, ఎవరికి ఏం ఇవ్వాలో అంతా ఇంగ్లిషులోనే రాసి ఉంటుంది, అది కూడా చదివేలోపే మాయమవుతుంది. రెండో తరగతి పిల్లోడికి కథ ఎక్కువున్న ఆట కొనిస్తే నిమిషానికోసారి "ఇదేం రాసింది?" అని పిలుస్తాడు. మీరు పక్కన లేకపోతే విసుక్కుని వదిలేస్తాడు. ఆ వయసుకు బొమ్మతోనే అర్థమయ్యే ఆటలు కావాలి. ప్లేస్టేషన్ 5లో కొనకుండానే ముందే వచ్చే ఆస్ట్రోస్ ప్లేరూమ్ అలాంటిదే. చిన్న రోబో పరిగెడుతుంది, దూకుతుంది, వానపడితే కంట్రోలర్ చేతిలో చినుకులు పడ్డట్టు అదురుతుంది. చదవాల్సింది చాలా తక్కువ.

చేతుల కొలత కూడా చూడండి. ప్లేస్టేషన్ 5 కంట్రోలర్ బరువు 280 గ్రాముల దాకా ఉంటుంది. ఆరేళ్ల బిడ్డ వేళ్లు వెనకున్న బటన్లకు అందడం కష్టం. నింటెండో స్విచ్‌కు రెండు పక్కలా తగిలి ఉండే కంట్రోలర్లు, జాయ్‌కాన్‌లు, చిన్నవి. వాటిని విడదీసి, అడ్డంగా పట్టుకుంటే ఒక్కోటీ ఒక్కో కంట్రోలర్ అవుతుంది. అంటే ఇద్దరు పిల్లోళ్లున్న ఇంటికి రెండోది వెంటనే కొనక్కర్లేదు. ఇద్దరు పిల్లోళ్లున్న ఇల్లు, ఒక్కడే ఉన్న ఇల్లు ఒకటి కాదు. ఇద్దరుంటే ఇద్దరూ ఒకేసారి ఆడేదే కొనాలి. లేకపోతే వంతుల కోసం రోజూ పంచాయితీయే.

ఇంట్లో పాకే బిడ్డ ఉంటే ఒక చిన్న సంగతి. నింటెండో స్విచ్ గేమ్ కార్డు గోరంత ఉంటుంది, నోట్లో పెట్టుకోవాలనిపించేంత చిన్నది. అందుకే కంపెనీవాళ్లు దానికి డెనటోనియం బెంజోయేట్ అనే భరించలేని చేదు పూస్తారు. నాలుకకు తగిలితే బిడ్డ వెంటనే ఉమ్మేస్తుంది. అయినా ఎత్తున పెట్టడమే మంచిది.

ఒక ఆరోగ్య విషయం మాత్రం దాటవేయకండి. బిడ్డకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే ముందు డాక్టరును అడగండి. వేగంగా మెరిసే వెలుగులు కొందరికి మూర్ఛ తెప్పించగలవని ప్రతి కన్సోల్‌తో వచ్చే హెచ్చరిక కాగితంలోనే ఉంటుంది. ఆ కాగితం చాలామంది చదవకుండానే పారేస్తారు.

ఆటలు తేల్చుకోండి, ముందుగానే

బిడ్డను కూర్చోబెట్టి, "నీకు ఏ ఆట ఆడాలనుంది?" అని అడిగి మూడు పేర్లు రాయండి. ఆ మూడింటి డబ్బా మీది వయసు గుర్తు చూడండి. ఐరోపా పద్ధతి అయిన పెగీలో 3, 7, 12, 16, 18 అని అంకెలుంటాయి. అమెరికా పద్ధతి అయిన ఈఎస్‌ఆర్‌బీలో ఈ అంటే అందరికీ, టీ అంటే 13 దాటినవాళ్లకు, ఎం అంటే 17 దాటినవాళ్లకు. మగపిల్లోళ్లు రాసే మూడు పేర్లలో జీటీఏ ఒకటి ఉంటుంది, అది నేరాలు, కాల్పులతో నడిచే ఆట. స్నేహితుడి అన్న ఆడుతుంటే చూసి ఉంటారు. జీటీఏ 5కు పెగీ ఇచ్చింది 18. పదేళ్ల బిడ్డకు అది కొనివ్వద్దు, "అందరిండ్లల్లో ఆడుతున్నారు" అని ఎంత ఏడ్చినా సరే. ఆన్‌లైన్‌లో ఆడే కాల్పుల ఆట ఫోర్ట్‌నైట్‌కు 12. అది ఉచితమే గానీ లోపల తెలియనివాళ్లతో మాట్లాడే మైకు ఉంది, నిజం డబ్బుతో కొనే వీ-బక్స్ అనే ఆట డబ్బూ ఉంది.

మొదటి ఆటగా నేను ధైర్యంగా చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి. స్విచ్ మీద మారియో కార్ట్ 8 డీలక్స్ అయితే పెగీ 3. దాంట్లో కారు దారి తప్పకుండా చూసే స్మార్ట్ స్టీరింగ్, తనంతట తానే నడిచే సదుపాయం రెండూ ఉన్నాయి. అవి పెట్టి మా అక్క ఇంట్లో పిల్లోళ్ల జేజి చేతికి కంట్రోలర్ ఇచ్చారు. ఆమె మూడు రౌండ్లు ఆడింది, ఆఖరిదాంట్లో మనవడిని దాటి పోయింది. ప్లేస్టేషన్ మీద ఆస్ట్రో బాట్, శాక్‌బాయ్, రెండూ 7. మైన్‌క్రాఫ్ట్ దాదాపు అన్ని మెషిన్ల మీదా ఉంది, తెరను రెండుగా పంచుకుని ఇద్దరు కలిసి ఇల్లు కట్టుకోవచ్చు. ఓవర్‌కుక్డ్‌లో వంటింట్లో అందరూ కలిసి వంట చేయాలి, కేకలు బాగా వినపడతాయి గానీ మంచి ఆట. క్రికెట్ పిచ్చి ఉన్న బిడ్డకు ప్లేస్టేషన్ మీదా, మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ మీదా క్రికెట్ 24 ఉంది. ఫుట్‌బాల్‌కు ఇదివరకు ఫిఫా అని వచ్చేది, 2023 నుంచి దాని పేరు ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ. దాంట్లో ఆటగాళ్ల ప్యాకులు కొనమని పదేపదే అడుగుతుంది. ఆ భాగం జోలికి పోకుండా మామూలు మ్యాచ్‌లు ఆడుకోవచ్చని బిడ్డకు ముందే చెప్పండి.

మారియో ఆటలు నింటెండో మీదే వస్తాయి, ఆస్ట్రో ప్లేస్టేషన్ మీదే. అందుకే ఆటలు ముందు రాయమన్నాను.

ఇప్పుడు మెషిన్

*ప్లేస్టేషన్ 5.* మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. సన్నటి రకం (స్లిమ్) 2024 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు డిస్కుతో 54,990, డిజిటల్ 44,990 రూపాయలు. ఆఫర్లు, పెంపులు వస్తుంటాయి కాబట్టి కొనే రోజు ధర చూసుకోండి. పాత ప్లేస్టేషన్ 4 ఆటలు చాలావరకు దీంట్లో ఆడతాయి, డిస్కు రకమైతే పాత డిస్కులు కూడా. సెకండ్ హ్యాండ్ డిస్కులు తక్కువకు కొని, ఆడి, మళ్లీ అమ్ముకోవచ్చు. కొత్త పెద్ద ఆట నాలుగైదు వేలు ఉండే రోజుల్లో ఇదొక్కటే డిస్కు రకానికి పెట్టిన ఎక్కువ డబ్బును ఏడాదిలో వెనక్కి తెస్తుంది. పొరపాటున మాలాగా డిజిటల్ కొని ఉంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. సన్నటి రకానికి డిస్కు డ్రైవ్ విడిగా కొని తగిలించవచ్చు. 2021 నాటి మొదటి డిజిటల్ రకానికి ఆ దారి లేదు.

*నింటెండో స్విచ్.* పన్నెండేళ్లలోపు పిల్లోళ్లకు ఇంతకంటే తగిన ఆటలు ఇంకెక్కడా లేవని నా అభిప్రాయం. 2017లో మొదటిది, 2025 జూన్‌లో స్విచ్ 2 వచ్చాయి. పాత ఆటలు చాలావరకు కొత్తదాంట్లో పనిచేస్తాయి. ఇబ్బంది ఎక్కడంటే, నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మడం లేదు. షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరికేవన్నీ బయటినుంచి తెచ్చినవే. కంపెనీ వారంటీ ఉండదు, అమ్మినవాడి మాటే వారంటీ. జాయ్‌కాన్ మీద బొటనవేలితో తిప్పే పుల్లలు (స్టిక్కులు) అరిగి, చెయ్యి పెట్టకపోయినా బొమ్మ ఒక పక్కకు జరిగే జబ్బు అందరికీ తెలిసిందే. దాన్ని బాగుచేసే మనిషి మీ ఊళ్లో ఉన్నాడో లేదో కనుక్కోండి. స్విచ్ లైట్ మాత్రం మొదటి మెషిన్‌గా వద్దంటాను. అది టీవీకి తగలదు, కంట్రోలర్లు ఊడవు. బిడ్డ దాన్ని పట్టుకుని మళ్లీ ఆ మంచం మూలకే పోతాడు.

*ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్.* చిన్నది, 2020 నవంబరులో 34,990కి వచ్చింది. డిస్కు పెట్టే చోటు లేదు. 512 జీబీ అంటారు గానీ ఆటలకు మిగిలేది 364. గేమ్ పాస్ అనే నెల చందా కడితే వందల ఆటలు ఆడుకోవచ్చు. ఫైబర్ బాగా ఉండి, నెలనెలా చందా కట్టడానికి ఇబ్బంది లేని ఇంటికి బాగుంటుంది.

*పాత ప్లేస్టేషన్ 4.* డబ్బు తక్కువుంటే ఇది చెడ్డ ఎంపిక ఏమీ కాదు. 2013 నాటి మెషిన్, కొత్త ఆటలు దానికి తగ్గిపోయాయి, కానీ పిల్లోళ్లకు పనికొచ్చే ఆటలు వందల్లో ఉన్నాయి. కొనేముందు ఆ ఇంటికే పోయి అరగంట ఆడండి. ఫ్యాను అరుస్తోందా, డిస్కు లోపలికి పోయి బయటికి వస్తోందా, పుల్లలు వాటంతట అవి కదులుతున్నాయా చూడండి. అమ్మేవాడి అకౌంటు తీయించి, మీ ముందే రీసెట్ చేయించుకోండి.

వెయ్యి, రెండు వేలకు వచ్చే "పదివేల ఆటల" గేమ్ స్టిక్కులు, అంటే టీవీకి గుచ్చే చిన్న పుల్లలాంటి మెషిన్లు, కొనకండి. మన చిన్నప్పుడు పసుపు కాసెట్ల మీద "9999 ఇన్ 1" అని ఉండేది, తీరా చూస్తే ఆ ఏడెనిమిది ఆటలే మళ్లీ మళ్లీ వచ్చేవి. ఇవీ అంతే. వయసు గుర్తు ఉండదు, సమయం కట్టడి ఉండదు, సేవ్ నిలుస్తుందన్న నమ్మకం ఉండదు.

డబ్బు లెక్క కాగితం మీద వేయండి

మెషిన్ ధరను మొత్తం ధర అనుకోవద్దు. డిస్కు ప్లేస్టేషన్ 55 వేలు అనుకుంటే, రెండో కంట్రోలర్‌కు ఆరు వేల చుట్టూ, రెండు ఆటలకు ఎనిమిది నుంచి పది వేలు. డెబ్బై దగ్గరికి వచ్చేసింది. ఆన్‌లైన్‌లో స్నేహితులతో ఆడాలంటే చాలా ఆటలకు విడిగా చందా కట్టాలి, ఉచిత ఆటలకు అక్కర్లేదు. మొదటి ఏడాది ఆ చందా లేకుండానే గడపండి, ఇంట్లోవాళ్లతో ఆడితే చాలు. మీ దగ్గర సరిగ్గా 55 వేలే ఉంటే ఒక మెట్టు కిందిది కొని, మిగిలిన డబ్బు రెండో కంట్రోలర్‌కూ మంచి ఆటలకూ పెట్టండి. ఖరీదైన మెషిన్, దానికి ఒకే ఒక్క ఆట, ఒకే ఒక్క కంట్రోలర్. అలాంటి ఇంట్లో నెల తిరిగేసరికి దానిమీద గుడ్డ కప్పి ఉండడం చూశాను.

ఎక్కడ కొనాలి

ప్లేస్టేషన్ అయితే కడపలోనే పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపులో, జీఎస్టీ బిల్లుతో కొనండి. ఏడాది వారంటీ ఆ బిల్లు మీదే నడుస్తుంది. డబ్బా మీది నంబరూ బిల్లు మీది నంబరూ ఒకటేనా అని అక్కడే సరిచూసుకోండి. స్విచ్ కోసం మనవాళ్లు చెన్నై బర్మా బజారుకో బెంగళూరు మెజెస్టిక్ దగ్గరి నేషనల్ మార్కెట్‌కో పోతుంటారు. అక్కడ బేరం ఉంటుంది గానీ, వాడిన మెషిన్‌ను కొత్త డబ్బాలో పెట్టి ఇవ్వకుండా అక్కడే ఆన్ చేయించి చూసుకోవాలి.

మన జిల్లాలో ఇంటికొకరు కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు కాబట్టి "మామ తెస్తాడులే" అన్న మాట తప్పక వస్తుంది. తెప్పించుకోవచ్చు. ప్లేస్టేషన్ 5, స్విచ్ రెండూ ఏ దేశపు ఆటనైనా ఆడతాయి, మన కరెంటుకు పనికొస్తాయి. ప్లగ్గు మాత్రం అక్కడిది చదరపు పిన్నులది. ప్లేస్టేషన్‌కు వెనక తగిలే వైరు మన పాత టేప్‌రికార్డర్‌కు ఉండే రెండు రంధ్రాల వైరు లాంటిదే, మంచి రకం ఒకటి ఇక్కడే కొని మార్చుకోవచ్చు. అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ దొరుకుతుందని మాత్రం ఆశపెట్టుకోకండి. ప్లేస్టేషన్ అకౌంటు తెరిచేటప్పుడు దేశం భారత్ అనే పెట్టండి, ఒకసారి పెట్టాక మార్చడం కుదరదు. కువైట్ డిస్కు మీది ఆట నడుస్తుంది, కానీ దానికి అదనంగా కొనుక్కునే భాగాలు కొన్నిసార్లు అక్కడి అకౌంటుకే సరిపోతాయి. బిల్లు విమానంలో సామానుతోనే తెమ్మనండి, కస్టమ్స్ దగ్గర అడిగితే చూపించాలి. ముఖ్యంగా, ఫోన్ చేసి "ప్లేస్టేషన్ తే" అని ఊరికే చెప్పవద్దు. "డిస్కు పెట్టేది" అని చెప్పండి. డబ్బా ఫొటో వాట్సాప్‌లో పంపించమని చూశాకే డబ్బులు కట్టమనండి.

ముందురోజు రాత్రి చేయాల్సిన పని

పుట్టినరోజు పొద్దున బిడ్డ చేతే డబ్బా తెరిపించాలని అందరికీ ఉంటుంది. తెరవగానే అప్‌డేట్ అంటుంది, అకౌంటు అంటుంది, ఆట దిగడానికి మూడు గంటలు అంటుంది. బిడ్డ టీవీ ముందు కూర్చుని గీత నిండడం చూస్తూ ఉంటుంది. అందుకని ముందురోజు రాత్రి పిల్లోళ్లు పడుకున్నాక మీరే తెరిచి, పనంతా ముగించి, మళ్లీ డబ్బాలో సర్దిపెట్టండి.

మొదట మీ పేరుతో పెద్దల అకౌంటు. తర్వాత దాని కింద బిడ్డ పేరుతో పిల్లల అకౌంటు, నిజమైన పుట్టిన తేదీతో. చాలామంది వయసు పెంచి రాస్తారు. అలా రాస్తే కట్టడులన్నీ పోతాయి. బిడ్డ అకౌంటులో నాలుగు పెట్టండి: ఏ వయసు గుర్తు దాకా ఆటలు తెరుచుకోవాలి, రోజుకు ఎంతసేపు, తెలియనివాళ్లతో మాట్లాడటం బంద్, డబ్బు ఖర్చు సున్నా. ప్లేస్టేషన్‌లో పిల్లల ఖర్చు మామూలుగానే సున్నాలో ఉంటుంది, అది కదపకండి. సమయం అయిపోగానే ఊరికే చెప్పాలా, లాగౌట్ చేయాలా అని అడుగుతుంది. మొదటి నెల ఊరికే చెప్పేదే పెట్టండి, ఎందుకో కింద చెప్తాను. స్విచ్‌కూ ఎక్స్‌బాక్స్‌కూ ఇవే పనులు చేసే ఫోన్ యాప్‌లు ఉన్నాయి, మీరు ఆఫీసులో ఉండి కూడా చూసుకోవచ్చు.

మీ అకౌంటుకు పాస్‌వర్డ్ పెట్టి, బ్యాంకు కార్డు దాంట్లో దాచకుండా వదిలేయండి. ఆట కొనాల్సినప్పుడు వెయ్యి రూపాయల ప్లేస్టేషన్ కార్డు ఒకటి కొని వేసుకుంటే అంతవరకే ఖర్చు.

సమయం

"గంటే" అని గడియారం చూపించి, అరవయ్యో నిమిషాన ప్లగ్గు పీకేసే తండ్రులున్నారు. నేనూ ఒకసారి పీకాను. మా పిల్లోడు నలభై నిమిషాలుగా ఎక్కుతున్న కొండ ఆఖరి మెట్టు మీద ఉన్నాడు. సేవ్ అయ్యే చోటు ఇంకా రెండడుగులే ఉందట. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. అప్పటినుంచి నిమిషాలతో కాక ఆట లెక్కతోనే చెప్తున్నాను. ఫుట్‌బాల్ అయితే రెండు మ్యాచ్‌లు, కారు పందెం అయితే నాలుగు ట్రాకులు, కథ ఆట అయితే వచ్చే సేవ్ దాకా. పది నిమిషాల ముందు పక్కన కూర్చుని, "ఇంకెంత ఉంది, సేవ్ యాడుంది?" అని అడుగుతాను. వాడే చూపిస్తాడు, వాడే ఆపుతాడు. లాగౌట్ కాకుండా ఊరికే చెప్పేది పెట్టమన్నది అందుకే. నెల గడిచాక బిడ్డ మాట నిలబెట్టుకోలేకపోతుంటే అప్పుడు లాగౌట్ పెట్టండి.

బడి రోజుల్లో మా ఇంట్లో ఆట లేదు. శనివారం సాయంత్రం, ఆదివారం పొద్దున మాత్రమే. పరీక్షల ముందు మెషిన్‌ను దాచేయను, కంట్రోలర్లు మాత్రం బీరువాలో పెడతాను. ఆడేటప్పుడు హాల్లో లైటు వెలుగుతుండాలి, టీవీకి మంచమంత దూరంలో కూర్చోవాలి, అరగంటకోసారి లేచి వాకిట్లోకి పోయి దూరంగా చూసి రావాలి. ఆట కోసం తిండి, నిద్ర, స్నేహితులు మానుకోవడం నెలల తరబడి సాగుతుంటే మాత్రం పిల్లల డాక్టరును కలవండి. ఇది జబ్బేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తన జాబితాలో చేర్చింది.

మొదటి నెల రెండో కంట్రోలర్ మీ చేతిలోనే ఉండాలి. మీకు ఆట రాకపోయినా పర్లేదు, బిడ్డ నేర్పుతాడు. మా వాడు నాకు దూకడం నేర్పిన రోజు వాడి గొంతులో ఉన్న ఓపిక, నేను వాడికి ఎక్కాలు చెప్పేటప్పుడు నా గొంతులో ఎప్పుడూ లేదు.

తర్వాత చూసుకోవాల్సినవి

మన ఎర్రదుమ్ము మెషిన్ గాలి రంధ్రాల్లో పేరుకుంటుంది. పదిహేను రోజులకోసారి కరెంటు తీసేసి, పొడి పెయింటింగ్ బ్రష్‌తో రంధ్రాల మీద దుమ్ము దులపండి. తడిగుడ్డ వద్దు, నోటితో ఊదడమూ వద్దు. ఇల్లు ఊడ్చేటప్పుడు దానిమీద పల్చటి గుడ్డ కప్పండి, ఆడే ముందు తప్పకుండా తీసేయండి. డబ్బా, లోపలి ప్యాకింగ్ అటక మీద ఏడాదిపాటు ఉంచండి, సర్వీసుకు పంపాల్సి వస్తే అవే కావాలి. బిల్లు ఫొటో, మెషిన్ వెనక నంబరు ఫొటో ఇవాళే తీసి మీకు మీరే వాట్సాప్ చేసుకోండి. బిల్లు మీద అచ్చు ఆరు నెలలకే మాసిపోతుంది.